కొండచిలువ తల చదవడం – 3వ పాఠం: కంటి కింద ఏముంది?

పోయిన పాఠంలో ముక్కు దగ్గర ఆగాం. పై పెదవి మొదటి రెండు పొలుసుల మీద వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయని చూశాం. ఈసారి అక్కణ్నుంచి వెనక్కి, కంటి దాకా వెళ్దాం.

పక్క నుంచి తీసిన ఫొటో తీసుకోండి. మూతి కొసన ఉన్న పలకను లెక్కలోకి తీసుకోకండి. దాని పక్క పొలుసు ఒకటి. అలా నోటి అంచు వెంబడి లెక్కపెడుతూ పోండి. ఆరో పొలుసో, ఏడో పొలుసో నేరుగా కంటిని తాకితే అది మన కొండచిలువ, పైథాన్ మోలూరస్. కంటికీ పెదవి పొలుసులకూ మధ్య చిన్న పొలుసుల వరుస అడ్డం వస్తే బర్మా కొండచిలువ, పైథాన్ బివిట్టాటస్. 2009లో దాన్ని వేరే జాతిగా విడదీసేదాకా రెండూ ఒకే జాతి కింద ఉండేవి.

నల్లమల, లంకమల అంచు పొలాల్లో కనబడేది మన కొండచిలువే. బర్మా రకం ఈ దిక్కున సహజంగా ఉండదు. అయినా రంగు కొంచెం ముదురుగా ఉందంటే చాలు, వాట్సాప్‌లో 'బర్మీస్' అని పేరు పెట్టేస్తారు. రంగును నమ్మకండి, పొలుసులు లెక్కపెట్టండి.

ఈ రెండు రకాలూ కలిసి పుట్టిన సంకరాల దగ్గర మాత్రం తొందర పడొద్దు. తలకు ఒక వైపు వరుస పూర్తిగా ఉండి, రెండో వైపు తెగిపోయి ఉంటే అనుమానించండి, అంతవరకే. ఫ్లోరిడాలో అడవిపాలైన కొండచిలువల మీద 2018లో వచ్చిన జన్యు పరిశీలన చూడండి. అవి చూపుకు బర్మా రకమే, కానీ కొన్నింటిలో మన కొండచిలువ ఆనవాళ్లు బయటపడ్డాయి. అలాంటివాటిని తేల్చాల్సింది ల్యాబే.

శనక్కాయ చేలో కనబడిన పిల్ల కొండచిలువ అనుకున్నది రక్తపింజర కావచ్చు. దాని తల మీదంతా గరుకైన చిన్న పొలుసులే. కొండచిలువకైతే మూతి పైభాగంలో పెద్ద పలకలు జతలుగా ఉంటాయి. ఈ తేడా చూడ్డానికి దగ్గరికి వెళ్లకండి. దూరం నుంచే జూమ్ చేయండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొండచిలువను పట్టడం నేరం కూడా.

అభ్యాసం: రెండు వైపులా తీసిన ఫొటోలు సంపాదించి, ఎడమ, కుడి విడివిడిగా కంటిని తాకే పొలుసు నంబరు రాసుకోండి. వచ్చే పాఠంలో నడినెత్తి మీది బాణం గుర్తు చూద్దాం. మన రకంలో అది మూతి వైపు వచ్చేసరికి మసకబారుతుంది.