బ్యాంకు విలీనం దగ్గరపడిందా? బ్రాంచిలో ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

రెండు బ్యాంకులు కలిసిపోతున్నాయని టీవీలో స్క్రోలింగ్ వచ్చిన రోజు నుంచి బ్రాంచిలో రెండే ప్రశ్నలు తిరుగుతుంటాయి. కస్టమర్లు "మా డబ్బులకేం కాదు కదండీ?" అంటారు. స్టాఫ్ "మనల్ని ఎక్కడికి వేస్తారో" అంటారు. పై ఆఫీసు సర్క్యులర్లలో ఈ రెండిటికి తప్ప మిగతా అన్నిటికీ జవాబులుంటాయి.

మనకిది కొత్తేం కాదు. 1941లో నిజాం కాలంలో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంక్, 2020 ఏప్రిల్ 1న, సరిగ్గా లాక్‌డౌన్ నడుస్తుండగా యూనియన్ బ్యాంక్‌లో చేరింది. 2025లో గ్రామీణ బ్యాంకుల వంతు వచ్చింది. జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) తెలంగాణ బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. మే 1న చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, మిగిలిన ఏపీజీవీబీ నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఆరోజు దేశం మొత్తం మీద గ్రామీణ బ్యాంకులు 43 నుంచి 28కి తగ్గాయి. ముందు ముందు ఇంకా కలుపుతారన్న మాట ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. కాబట్టి మేనేజర్లూ, అకౌంటెంట్లూ, కౌంటర్లో కూర్చునేవాళ్లూ ఇవి ఒకసారి చూసుకుంటే మంచిది. సాఫ్ట్‌వేర్ మార్చబోతున్న ఆసుపత్రికైనా, సొసైటీకైనా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు తేదీలు విడదీయండి

విలీనానికి ఒక్క తేదీ ఉండదు. కాగితం మీద బ్యాంకులు ఒక్కటయ్యేది ఒక రోజు. అకౌంట్లు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారేది ఇంకో రోజు. పక్కపక్కనే ఉన్న బ్రాంచీలను కలిపెయ్యడం, బదిలీలు ఆ తర్వాతెప్పుడో. ఆంధ్రా బ్యాంకునే చూడండి, విలీనం 2020 ఏప్రిల్‌లో జరిగితే పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు 2021 మార్చి 31 దాకా నడిచాయి. మధ్యలో ఏడాది. ఆ ఏడాదిలో "ఇప్పుడు ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు" అన్న గందరగోళమే సగం గొడవలకు మూలం.

పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి కౌంటర్ అద్దానికి రెండు వైపులా అంటించండి. చెక్కుబుక్కు ఎప్పటిదాకా, ఐఎఫ్‌ఎస్‌సీ ఎప్పటిదాకా, ఏటీఎం కార్డు ఎప్పటిదాకా, యాప్ ఎప్పుడు మారుతుంది. ఖరారు కానిదాని ఎదురుగా "ఇంకా చెప్పలేదు" అనే రాయండి. ఆ గడి ఖాళీగా వదిలితే వాట్సాప్ గ్రూపు నింపేస్తుంది.

తేదీ ముందు, పని తర్వాత అయితే ఏమవుతుంది

2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు 52 లక్షల మంది కస్టమర్ల ఖాతాలను ఒక్క వారాంతంలో కొత్త సిస్టమ్‌లోకి మార్చింది. ఒక దశలో 19 లక్షల మంది తమ ఖాతాలు తాము తెరవలేకపోయారు. పూర్తిగా గాడిన పడేసరికి డిసెంబరు వచ్చింది. ఆలోపే సీఈవో దిగిపోయాడు. 2022లో అక్కడి నియంత్రణ సంస్థలు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, డేటా బాగానే మారింది. ఆ డేటాతో కొత్త సిస్టమే సరిగా పనిచెయ్యలేదు. తర్వాత వేసిన విచారణలో బయటపడ్డవాటిలో రెండు మనకు బాగా తెలిసినవే: ముగింపు తేదీ ముందు ప్రకటించి, పనులన్నీ వెనక్కి లెక్కేసుకుంటూ అందులో ఇరికించారు. రెండు డేటా సెంటర్లుంటే పూర్తి పరీక్ష ఒక్కదాని మీదే చేశారు.

బ్రాంచి స్థాయిలో తేదీ మన చేతిలో ఉండదు, నిజమే. కానీ మన ఊరి క్యాలెండర్ పైవాళ్లకు తెలియదన్నది కూడా నిజమే. మార్చి నెలాఖరు, ఖరీఫ్ ముందు పంట రుణాల రెన్యువల్, నెల మొదటి వారం జీతాలు, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నవంబరు. మార్పు తేదీ వీటిలో దేనిమీద పడినా రీజినల్ ఆఫీసుకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్లో చెబితే ఎవరికీ గుర్తుండదు. వాళ్లు మార్చకపోతే పనినే ముందుకు జరపండి. రెన్యువల్స్ నెల ముందే పిలిచి చేయించండి, స్వయం సహాయక సంఘాలకు యానిమేటర్ల (ఊళ్లో సంఘాల పనులు చూసేవాళ్లు) ద్వారా కబురు పంపండి.

రాసిపెట్టని సంగతులే అసలు ప్రమాదం

ఖాతాలను కొత్త సిస్టమ్‌లోకి మార్చే మైగ్రేషన్ టీమ్ అడిగేది ఖాతా నంబరు, పేరు, బ్యాలెన్సు. బ్రాంచి నడిచేది మాత్రం వాటితోనే కాదు. ఫలానా సంఘం లీడర్ మారింది గానీ తీర్మానం ఇంకా ఇవ్వలేదని, ఫలానా ఖాతా మీద కోర్టు ఆర్డరుందని, ఫలానా రైతు చనిపోతే కొడుకులిద్దరూ తగవులో ఉన్నారని క్యాషియర్‌కో, అటెండర్‌కో తెలుసు. పాత సిస్టమ్‌లో ఇలాంటివి ఒక రిమార్క్స్ గడిలో పొట్టి అక్షరాల్లో ఉంటాయి. కొత్త సిస్టమ్‌లో ఆ గడే ఉండకపోవచ్చు.

గోల్డ్ లోన్ల సంగతి దగ్గర కాసేపు ఆగుదాం. తాకట్టు పెట్టిన నగల సంచికి ఒక ట్యాగు, దానిమీద పాత లోన్ నంబరు. సంచి స్ట్రాంగ్ రూములో, తాళాలు ఇద్దరి దగ్గర. మైగ్రేషన్ అయ్యాక లోన్‌కు కొత్త నంబరు వస్తే స్క్రీన్ మీద కొత్తది, సంచి మీద పాతది. పెళ్లి రేపనగా నగలు విడిపించుకోవడానికి వచ్చినామె కౌంటర్ దగ్గర నిలబడి ఉంటుంది. లోపల ఇద్దరు అరలన్నీ వెతుకుతుంటారు. సంచి ఎక్కడికీ పోలేదని వాళ్లకు తెలుసు, ఆమెకు తెలియదు. అరగంటలో ఊళ్లో "బ్యాంకులో బంగారం కనపడట్లేదంట" అన్న మాట పుడుతుంది. ఇది రాకుండా చెయ్యాల్సింది కష్టమైన పని కాదు. పాత నంబరుకు ఎదురుగా కొత్త నంబరు ఉన్న జాబితా ప్రింటు తీసి స్ట్రాంగ్ రూములోనే ఉంచండి. తాళాలున్న ఇద్దరూ కలిసి రోజుకు కొన్ని చొప్పున ట్యాగులు మార్చి, రిజిస్టరులో సంతకాలు చెయ్యండి. సంచి సీలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు, ట్యాగు పైనే అంటించండి.

మిగతావాటికి కౌంటర్‌కొక నోటుబుక్కు ఇచ్చి పదిహేను రోజులు పక్కన పెట్టుకోమనండి. "సిస్టమ్‌లో లేకుండా నా బుర్రలో ఉన్నది" ఏది ఎదురైనా ఒక లైను రాయాలి. వేలిముద్ర ఖాతాలు, జాయింట్ ఆపరేషన్లు, మేజరయినా ఇంకా మైనరుగానే ఉన్న ఖాతాలు, కరెంటు బిల్లుకో ఎల్‌ఐసీకో ఇచ్చిన స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు, లాకర్ అద్దెలు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాళ్ల నోటుబుక్కు అందరికంటే ముందు చదవండి. మైగ్రేషన్ లోపే వాళ్లు వెళ్లిపోతుంటే ఇంకా ముందు.

"ఇది పని చెయ్యదు సార్" అన్నవాణ్ని వదులుకోవద్దు

ప్రతి బ్రాంచిలో ఒక సీనియర్ ఉంటాడు, కొత్తది ఏది వచ్చినా తల అడ్డంగా ఊపేవాడు. పై ఆఫీసు భాషలో ఆయన మార్పుకు వ్యతిరేకి. ఆయన మాటలో మూడు కలిసి ఉండొచ్చు. చేతకాదేమోనన్న భయం, బదిలీ టెన్షన్, నిజంగానే పని ఎక్కడ ఆగుతుందో తెలియడం. మొదటి రెండిటికీ జవాబు వేరు. మూడోది మాత్రం డబ్బు పెట్టినా దొరకదు. "ఎక్కడ ఆగుతుందండీ, ఒకసారి చూపించండి" అని పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. చూపించగలిగితే అది రాసి పైకి పంపండి. చూపించలేకపోతే ఆయనకే తెలుస్తుంది. ఎలా చూసినా మీటింగులో అందరి ముందు "పాజిటివ్‌గా ఉండాలి" అని నోరు మూయించడం కన్నా నయం.

బదిలీల విషయంలో తెలియనిది తెలిసినట్టు చెప్పొద్దు. "మీకేం కాదు, నేను చూసుకుంటా" అన్న మేనేజరే ముందు బదిలీ అయిపోయిన బ్రాంచీలున్నాయి. ఏది తేలింది, ఏది తేలలేదు, తేలనిది ఎప్పటికి తేలొచ్చు, అంతే చెప్పండి.

విలీనమయ్యాక "మా బ్యాంకులో ఇలా, మీ బ్యాంకులో అలా" అన్న మాటలు తప్పవు. వాటికి కంగారు పడక్కర్లేదు. అయితే ఒక బ్యాంకులో మేనేజరే మంజూరు చేసే లోన్ ఇంకో బ్యాంకులో ప్రాసెసింగ్ సెంటరుకు వెళ్తుంది. అలాంటి తేడాలు కస్టమర్‌కు మాటిచ్చాక తెలిస్తే పరువు పోతుంది. అధికారాల పట్టిక ముందే తెప్పించుకుని చదవండి.

ట్రైనింగ్

ఏసీ హాల్లో ఒక రోజు స్లైడ్లు చూపించి, సర్టిఫికెట్టిచ్చి, మూడు నెలల తర్వాత సిస్టమ్ మారిస్తే ఆ ట్రైనింగ్ లేనట్టే. బ్రాంచికి ఇద్దర్ని, అందులో ఒకరు తప్పనిసరిగా కౌంటర్ మనిషిని, అదే సాఫ్ట్‌వేర్ నడుస్తున్న బ్రాంచికి కొన్ని రోజులు పంపి పక్కన కూర్చోబెట్టండి. మారిన తర్వాత మొదటి రెండు వారాలు అవతలి బ్యాంకు నుంచి ఒకరిని ఇక్కడికి అడగండి. హెల్ప్‌డెస్క్ నంబరు ఎప్పుడూ బిజీనే.

మోసగాళ్ల సీజన్ కూడా ఇదే

"మీ బ్యాంకు కలిసిపోయింది, కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అన్న ఫోన్లకు ఇంతకంటే మంచి అదను ఉండదు, ఎందుకంటే ఈసారి అందులో సగం నిజం. బ్యాంకు నిజంగానే కలిసింది. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టి, పాస్‌బుక్ ప్రింటింగ్ మిషన్ పక్కన అంటించి, సంఘాల మీటింగుల్లో నోటితో చెప్పండి: విలీనం కోసం ఓటీపీ ఎవరూ అడగరు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

మారే వారం

ముందు రోజు ఏటీఎం నింపండి, కౌంటర్ క్యాష్ మామూలు కంటే ఎక్కువ ఉంచండి. పెద్ద ఖాతాదారులకు ఫోన్ చేసి జీతాల ఫైళ్లు ముందే తెప్పించండి. సిస్టమ్ పడిపోతే ఎంతసేపు చూడాలి, ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలి, వాళ్ల పేర్లూ సెల్ నంబర్లూ గోడమీద ఉండాలి. బయట నీడ, కుర్చీలు, తాగే నీళ్లు ఏర్పాటు చెయ్యండి. లైనులో నిలబడ్డ పెద్దవాళ్లకు సర్వర్ డౌన్ అన్న మాట అర్థం కాదు, "మధ్యాహ్నం రెండింటికి రండమ్మా" అంటే అర్థమవుతుంది. సాయంత్రం షట్టర్ దించాక పావుగంట అందరూ నిలబడి ఆ రోజు ఏది ఆగిందో చెప్పుకోండి. రాసుకోండి.

ఆ నెలలోనే ఇన్సూరెన్స్ టార్గెట్లు ఎంతవరకు వచ్చాయని రోజూ ఫోన్ చేసే మహానుభావులుంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. రీజినల్ హెడ్ ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ ఒక్క నెల క్యాంపెయిన్లు ఆపితే స్టాఫ్ జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు.

ఆ తర్వాత

మొదటి రెండు మూడు నెలలు పని నెమ్మదిస్తుంది. పాత సిస్టమ్ మీద ఇరవై ఏళ్ల అలవాటుతో కొట్టిన వేగం కొత్తదాని మీద రాదు. ఈ నెలల అంకెల్ని పోయినేడాదితో పోల్చి మెమోలిస్తే, స్టాఫ్ తప్పులు దాచడం మొదలుపెడతారు. అప్పుడే అసలు నష్టం.

స్టాఫ్ సొంతంగా రాసుకునే చిట్టాలు, ఎక్సెల్ షీట్లు కనిపిస్తే లాక్కోవద్దు. కొత్త సిస్టమ్ ఏ పని చెయ్యలేకపోతోందో వాటిలోనే ఉంటుంది. నెలకోసారి చూసి, పదిమంది ఒకే పనికి చిట్టా రాస్తుంటే దాన్ని ఐటీ వాళ్లకు పంపండి.

పాత సిస్టమ్‌ను చూడ్డానికైనా తెరిచి ఉంచమని ముందే అడిగి పెట్టుకోండి. కనీసం మొదటి మార్చి నెలాఖరు, దాని ఆడిట్ అయ్యేదాకా. వడ్డీ తేడా వచ్చిందని ఒక కస్టమర్ పాత పాస్‌బుక్ పట్టుకుని వస్తే, పాత ఎంట్రీ చూడకుండా ఆయనకు జవాబు చెప్పలేరు. అది మూసేసే తేదీ ఏదైనా సర్క్యులర్లో వస్తే, దానికి వారం ముందే పెండింగులో ఉన్న ఫిర్యాదులన్నిటికీ పాత స్టేట్‌మెంట్లు ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.