రోబో ఫిగర్ జాయింటు లూజయిందా? గమ్ము పోసే ముందు పిన్ను పక్కన చూడండి

ఇది కొత్తగా కొన్న రోబో ఫిగర్ (బండిగా మారే రోబో బొమ్మ) మంచిదా కాదా తేల్చుకోవాలనుకునేటోళ్లకు, షెల్ఫులో ఉన్నదాన్ని బాగు చేసుకునేటోళ్లకు. స్క్రూ విప్పుడు, బిగించుడు, బండిని రోబోగా మార్చుడు వచ్చని అనుకొనే రాస్తున్న.

నిలబెట్టంగనే వెనక్కి పడుతున్నది

జాయింట్లను తిట్టే ముందు లాకులు చూడండి. వీపు మీదికి మడిచే ముక్క, నడుము తిరిగే చోటు, మడమ వెనక బయటికి తీసే చిన్న రెక్క, ఈ మూడూ పూర్తిగా కూర్చోవాలె. వీపు ముక్క రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉన్నా బరువు వెనక్కి జరిగి బొమ్మ మడమల మీద ఊగుతది. టక్కుమనే దాకా నొక్కండి. టక్కుమనకుంటే ఇంకో ముక్క అడ్డం ఉన్నట్టు, బలవంతం చేయద్దు. పెట్టెలో వచ్చిన కాగితం ఒక్కసారన్నా విప్పకుండా "క్వాలిటీ బాగలేదు" అని తీర్పు చెప్పేటోళ్లకు ఒక దండం.

లాకులన్నీ పడ్డా పడిపోతుంటే రెండు కాళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. స్క్రూ తలలు మామూలుగా వెనక వైపో, లోపలి వైపో ఉంటయి. ఒక కాలికి వెనక, ఇంకో కాలికి ముందు కనిపిస్తే ఫ్యాక్టరీలో కుడి ఎడమలు తారుమారు చేసి బిగించిన్రు. పిన్నులు లేకుండా స్క్రూలతోనే ఉన్న భాగమైతే విప్పి మార్చుకోవచ్చు, లేదంటే వాపసు పంపుడే. చీలమండ పక్కకు వంగని డిజైన్‌లో కాళ్లు ఎడంగా పెడితే అరికాలు నేలకు ఆనదు. దానికి రిపేరు లేదు. కొనేటప్పుడే ఫోటోల్లో చూసుకోవాలె.

కాలు, చెయ్యి వేలాడుతున్నది

ముందు అది ఏ రకం జాయింటో చూడండి. అన్నింటికీ ఒకే మందు పోసుడే అసలు రోగం.

స్క్రూతో బిగించినదైతే ఫోన్ రిపేరు సెట్టులోని చిన్న డ్రైవరుతో పావు చుట్టు బిగిస్తే చాలు. మొత్తం విప్పి మళ్లీ పెడుతుంటే, ముందు స్క్రూను ఉల్టా తిప్పండి. పాత గాడిలో పడ్డప్పుడు చిన్నగ దిగినట్టు చేతికి తెలుస్తది. అప్పుడు సీదా తిప్పాలె. నేరుగా బిగిస్తే ప్లాస్టిక్‌ల కొత్త గాడి కోసుకుంటది. రెండు మూడుసార్లు అట్ల చేస్తే స్క్రూ ఉత్తగనే తిరుగుతది.

గుండు జాయింటైతే, అంటే గుండ్రటి తల గిన్నెలాంటి గుంటలో తిరిగేదైతే, గుండును ఆ గిన్నెలోంచి బయటికి తీసి, సబ్బు నీళ్లతో తుడిచి, ఆరినంక ఫెవిక్విక్ పల్చటి పొర పూయండి. ఒక రాత్రంతా బయటనే ఆరాలె. తడి ఉన్నప్పుడు లోపల పెడితే అతుక్కుపోతది. మరీ బిగుతయితే 1000 నంబరు గరుకు కాగితంతో రుద్దితే సరి.

టకటకమని పళ్ల మీద తిరిగే జాయింటు లూజయితే లోపలి స్ప్రింగో, పన్నో అరిగింది. పై నుంచి ఏది పూసినా పనికిరాదు.

ఇగ మిగిలింది పిన్ను జాయింటు, అంటే రెండు ముక్కల కన్నాల్లోంచి ఉక్కు పిన్ను దూర్చి కలిపినది. మోకాళ్లు, మోచేతులు ఎక్కువ భాగం ఇదే. అందరూ మోసపోయేది కూడా ఇక్కడనే.

పిన్ను జాయింటు లూజయితే అరిగిందనుకుంటరు. చాలాసార్లు అది అరుగుదల కాదు, పగులు. ఎట్లనంటే, ఈ ఉక్కు పిన్ను తన కన్నం కంటె వెంట్రుక వాసి లావు ఉంటది. కొట్టి దింపుతరు కాబట్టి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పుట్టినప్పటి నుంచి సాగదీసిన స్థితిలనే ఉంటది. కొత్తల జాయింటు బిగుతుగా ఉన్నదని ఎవరో ఇంట్ల ఉన్న కుట్టుమిషన్ నూనెనో, కొబ్బరినూనెనో, తలుపు బందులకు కొట్టే స్ప్రేనో ఒక చుక్క వేస్తరు. ఆ రోజు మోకాలు వెన్నలా తిరుగుతది. నూనె పనిచేసిందనుకుంటరు. కానీ ఏబీఎస్ (ఈ బొమ్మలకు వాడే గట్టి ప్లాస్టిక్) మీద లాగుడు ఉన్నప్పుడు నూనె తగిలితే, అది కంటికి కనిపించని పగుళ్లలోకి దిగి ప్లాస్టిక్ పట్టును లోపల్నుంచే సడలిస్తది. అద్దంలాంటి పాలీకార్బొనేట్ ముక్కలైతే ఇంకా తొందరగ పోతయి. కొన్ని రోజులకో, వారాలకో కన్నం అంచున పగులు మొదలయితది. కన్నం వెడల్పవుతది, జాయింటు లూజయితది. అప్పుడు ఫెవిక్విక్ పోస్తరు. అది సందులోకి పాకి పిన్నును ప్లాస్టిక్‌కు అతికిస్తది. మళ్లీ కాలు వంచినప్పుడు పిన్ను చుట్టూ ఉన్న పగిలిన ప్లాస్టిక్ చెవి ఊడి చేతికొస్తది. చివరికి నింద కంపెనీ మీద.

కాబట్టి గమ్ము బుడ్డి మూత తీయకముందు ఇది చేయండి. ఫోన్ టార్చిని పక్క నుంచి, వాలుగా పడేటట్టు పట్టండి. అవుసులోళ్ల దగ్గరుండే 10 రెట్ల భూతద్దం అయితే బెస్టు. పిన్ను తల చుట్టూ, ముఖ్యంగా ప్లాస్టిక్ గోడ అన్నిటికంటె సన్నగా ఉన్న దిక్కు, కన్నం అంచు నుంచి బయటికి పోయే తెల్లటి గీత ఉన్నదా చూడండి. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో రెండు దిక్కుల నుంచి వచ్చి కలిసిన చోట కూడా అట్లాంటి గీతే ఉంటది. తేడా తెలుసుకోవాలంటే రెండో కాలు చూడాలె. అచ్చు గీత రెండు కాళ్లకూ ఒకే చోట ఉంటది, పగులు మామూలుగా ఒకదానికే ఉంటది. గోరు అడ్డంగా నడిపిస్తే పగులు దగ్గర తట్టుకుంటది. కాలును మెల్లగ పక్కకు ఒత్తినప్పుడు తెల్లగీత నల్లటి వెంట్రుకలాగ విచ్చుకుంటే ఇగ అనుమానమే లేదు. నూనె వేసిన్రో లేదో తెలియకుంటే టిష్యూ ముక్క జాయింటుకు చుట్టి రాత్రంతా వదిలేయండి, పొద్దున మరక చెప్తది.

పగులుంటే ఆ జాయింటును తిప్పుడు ఆపండి. బొమ్మ వాపసు గడువులోనే ఉంటే ఇగ ఏమీ ముట్టకుండా ఫోటో తీసి పంపండి.

బాగు చేసుకోవాల్సి వస్తే పిన్ను తీయాలె. దానికి ఒక కొసన సన్నటి గీతలుంటయి, రెండోది నున్నగ ఉంటది. నున్నటి కొస వైపు నుంచి, పిన్ను కంటె జర సన్నని మేకు మొన చదునుగ అరగదీసి, కింద కన్నమున్న చెక్క పెట్టి చిన్న సుత్తితో మెల్లగ కొట్టాలె. తర్వాత గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో మెత్తటి బ్రష్షుతో రెండు మూడుసార్లు కడగండి. నూనె ఉంటే గమ్ము పట్టదు. ఒక రోజు ఆరనిచ్చి, పగులును బ్లేడు మొనతో జర విచ్చదీసి, సూది మొన మీద ఫెవిక్విక్ చుక్క ఆనించండి, అదే లోపలికి పీల్చుకుంటది. దారంతో బిగించి కట్టి 24 గంటలు వదిలేయండి.

ఇక్కడ ఆగితే పని సగమే. అదే పిన్నును అదే కన్నంలో మళ్లీ కొడితే మళ్లీ పగులుతది. పుల్లకు 600 నంబరు గరుకు కాగితం చుట్టి పగిలిన గోడలోని కన్నాన్ని పిన్ను బొటనవేలితో దిగేటంత వదులు చేయండి. గీతలున్న కొస మంచిగున్న గోడలో పట్టేటట్టు పెట్టండి. అవసరమైతే పిన్నును తిప్పి ఇంకో దిక్కు నుంచి దింపండి. బిగుతు కన్నం నుంచి రావద్దు. కాలు, తొడ ముక్కలు ఒకదానికొకటి రాసుకునే ముఖాల మీద పల్చటి గమ్ము పొర ఆరబెట్టి దాని నుంచి తెచ్చుకోవాలె. రెండు గోడలూ పగిలితే ఆ కాలు నిలబెట్టి చూసుకోవడానికే.

బిగుతు జాయింటుకు నూనె కావాలంటే స్వచ్ఛమైన సిలికాన్ నూనె, ట్రెడ్‌మిల్లుకు వేసేది, సూది మొన మీద ఒక్క చుక్క. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద అర నిమిషం పట్టి మెల్లగ కదిలిస్తే చాలాసార్లు అది కూడా అక్కరలేదు, రంగు అతుక్కుని బిగిసినదే ఎక్కువ.

కొనేటప్పుడు కూడా ఇదే కొలబద్ద. పిన్ను మందం కంటె చుట్టూ గోడ సన్నగ ఉంటే ఆ డిజైన్‌ను నమ్మద్దు, పెయింట్ ఎంత మెరిసినా సరే. పాతది కొంటుంటే ముఖం ఫోటో కాదు, మోకాలి పిన్ను ఫోటో అడగండి.

తెల్లమచ్చలు వచ్చినయి

వంచిన చోట మాత్రమే తెల్లబడితే అది ప్లాస్టిక్ సాగిన గుర్తు, రుద్దినా పోదు. గమ్ము పెట్టిన చుట్టుపక్కల పొగలాంటి తెలుపు ఉంటే గమ్ము ఆవిరి, గాలి ఆడని డబ్బాలో ఆరబెట్టినందుకు. నల్లగొండ, దేవరకొండ దిక్కు బోరు నీళ్లతో కడిగి ఆరబెడితే వచ్చేది ఉప్పు మరక. ఒక చుక్క వెనిగర్ తడిపిన దూదితో తుడిస్తే పోయేది ఇదొక్కటే. ఆఖరి కడుగు ప్లాంటు నీళ్లతోనో, ఇన్వర్టర్ షాపులో దొరికే బ్యాటరీ నీళ్లతోనో చేస్తే అసలే రాదు.

వంగింది, జిగురుగ తయారైంది

మే నెలలో పాలమూరులో 44 డిగ్రీలు దాటిన రోజు రేకుల ఇంట్లనో, ఎండలో ఆపిన కారులనో పెడితే మెత్తటి పీవీసీ కత్తులు, కొమ్ములు వంగుతయి. వేడినీళ్లలో అర నిమిషం ముంచి సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెట్టండి. జిగురు అదే ప్లాస్టిక్‌లోంచి ఊరిన, దాన్ని మెత్తగ ఉంచేటందుకు కలిపిన మందు, సబ్బు నీళ్లతో తుడిస్తే చాలు. థిన్నర్, అసిటోన్ దగ్గరికి రానీయద్దు, ఏబీఎస్ కరిగిపోతది.

అరుదైనవి

1980ల ఆఖరు నుంచి 1990ల దాకా వచ్చిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్స్‌లో మెరుపు కలిపిన బంగారు రంగు ప్లాస్టిక్ దానంతటదే పొడిబారి విరుగుతది, మందు లేదు, కొనేముందే ఆ రంగు ముక్కలు చూసుకోండి. పాత లోహపు ముక్కలు ఉబ్బి పగిలితే అది జింకు కలగలుపులో సీసం చేసిన పని, దానికీ అంతే. తెలుపు పసుపయితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండకు పెట్టే పద్ధతి ఉన్నది. స్టిక్కర్లు, క్రోమ్ ఉన్న ముక్కలకు చేయద్దు. చేసినా కొన్నాళ్లకు పసుపు మళ్లీ తిరిగొస్తది.