గిలక కట్టినా బరువు సగం కాలేదా?

చిత్తూరు పల్లెల్లో గిలక బావులు, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావులు చూసి పెరిగినవాళ్లకు కప్పీ కొత్తేమీ కాదు. అయినా సైన్స్ ఫెయిర్ ముందురోజు బల్లమీద రెండు గిలకలు బిగించి, లాగే బలాన్ని స్ప్రింగ్ త్రాసుతో కొలవగానే లెక్క తప్పుతుంది. మా పిల్లలతో ఏటా ఇదే పాట్లు.

త్రాసు ముల్లు ఏమీ తగ్గలేదు

గిలక పైన దూలానికే బిగించి ఉంటే అది తప్పు కాదు, అంతే చూపాలి. స్థిర కప్పీ లాగే దిక్కు మారుస్తుంది గానీ బలం తగ్గించదు. యాంత్రిక లాభం, అంటే లేచే బరువు మనం లాగే బలానికి ఎన్ని రెట్లో ఆ అంకె, 1. బావిలో నీళ్లు చేదడం సుళువనిపించేది మన ఒంటి బరువూ కలిసొస్తుంది కాబట్టి. కపిల ఎద్దులు వాలు దిగుతూ లాగేదీ అందుకే. సగం కావాలంటే గిలక కూడా బరువుతోపాటు లేవాలి: తాడు ఒక కొన దూలానికి, రెండో కొన స్ప్రింగ్ త్రాసుకు.

సగం కంటే ఎక్కువ చూపిస్తోంది

అందరూ తడబడేది ఇక్కడే. పోయినేడు 400 గ్రాముల ఇసుక సంచి వేలాడదీశాం. 200 వస్తుందనుకుంటే 260 చూపింది. త్రాసు చెడిపోయిందని ఒక పిల్ల దాన్ని తట్టి తట్టి చూసింది. త్రాసు బాగానే ఉంది, మేమే గిలకను తూచలేదు. తిరుపతి గాంధీరోడ్డులో కొన్న ఆ ఇనుప గిలకే 60 గ్రాములు! లేస్తున్నది 460, అందులో సగం 230. మిగతా 30 ఇరుసు దగ్గరి రాపిడి.

నమ్మకం కుదరకపోతే మెల్లగా పైకి లాగుతూ ఒకసారి, అంతే మెల్లగా దించుతూ ఇంకోసారి ముల్లు చూడండి. మాకు 260, 200 వచ్చాయి. సగటు 230. లేపేటప్పుడు రాపిడి మనకు ఎదురు, దించేటప్పుడు తోడు. ఇరుసుకు కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తే రెండు అంకెలూ దగ్గరవుతాయి. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది.

నూనె వేసినా ఎక్కువే

పక్కనుంచి చూడండి. తాడు రెండు వరసలూ నిట్టనిలువుగా ఉన్నాయా, వి ఆకారంలో విచ్చుకున్నాయా? వాటి మధ్య కోణం 120 డిగ్రీలైతే ఒక్కో వరసా మొత్తం బరువంత లాగాలి, యాంత్రిక లాభం మళ్లీ 1కే వచ్చేస్తుంది. పైన మేకు, త్రాసు మధ్య దూరం గిలక వెడల్పంతే ఉంచండి.

కిందికి లాగితే త్రాసు తక్కువ చూపుతోంది

పైన ఇంకో గిలక వేసి, త్రాసును తలకిందులు చేసి లాగుతున్నారన్నమాట. దాని కొక్కెం బరువు ఇప్పుడు స్ప్రింగును సాగదీయడానికి బదులు నొక్కుతోంది. తలకిందులుగా పట్టుకునే ముల్లును సున్నకు తెచ్చుకోండి.

నాలుగు రెట్లు అనుకుంటే మూడే వచ్చింది

కనబడే తాడు వరసలన్నీ లెక్కపెట్టి ఉంటారు. పైకి లేచే గిలకనూ బరువునూ మోసే వరసలనే లెక్కపెట్టాలి. పై గిలక మీదుగా మన చేతికి దిగే వరస లెక్కలోకి రాదు.

తాడు చాలా లాగాల్సి వస్తోంది

రెండు వరసలకు జానెడు లేవాలంటే రెండు జానలు లాగాల్సిందే. అంతకుమించితే తాడు సాగుతోంది. నైలాన్ తీసేసి పురికొస కట్టండి.