సర్కిల్‌లో కేసుల దర్యాప్తును పర్యవేక్షించడం ఎలా? సీడీ (కేస్ డైరీ) ఫైలు చదివే పద్ధతి

కేసు కొట్టేసిన రోజున సాక్షులు అడ్డం తిరిగారనో, పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) సరిగా వాదించలేదనో అనుకుంటాం. తీర్పు కాపీ తెచ్చి చదివితే చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. పంచనామాలో ఒక టైము, జనరల్ డైరీలో (స్టేషన్‌లో జరిగేవన్నీ టైముతో రాసే పుస్తకం) మరో టైము, రిమాండ్ రిపోర్టులో మూడోది. ఆ తేడా దర్యాప్తు నడుస్తున్నప్పుడే సీడీ ఫైల్లో, అంటే దర్యాప్తు అధికారి రోజువారీ రాసే రికార్డులో, ఉంది. పై అధికారి అప్పుడే చదివి ఉంటే దొరికేది.

ఇక్కడ చెప్పేది రెండు మూడు స్టేషన్లు చూసుకునే సీఐల (సర్కిల్ ఇన్‌స్పెక్టర్ల) పద్ధతి. హత్య కేసుల్లో మామూలుగా సీఐయే ఐఓ (దర్యాప్తు అధికారి), ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో డీఎస్పీ ఐఓ కాబట్టి అక్కడ ఇదే పని వాళ్ల పై అధికారి చేయాలి. స్టేషన్ అధికారికి ఉన్న అధికారాలన్నీ పై అధికారికీ ఉంటాయని బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 30వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఫైలు అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కావలసినవి

ఒక రూళ్ల నోట్‌బుక్, గోడ క్యాలెండర్, పెన్ను. ఐఓ సీడీ మీద మాత్రం మీరు ఒక్క గీత కూడా గీయకూడదు. మీ రాతలన్నీ మీ నోట్‌బుక్‌లోనే.

ఫైళ్లు ఎంచుకోవడం

సర్కిల్ ఆఫీసుకు ఫైళ్లు తెప్పించుకోవద్దు, మీరే స్టేషన్‌కి వెళ్లండి. జనరల్ డైరీ, మాల్‌ఖానా (స్వాధీనం చేసుకున్న సొత్తు ఉంచే గది), రైటర్ (స్టేషన్ రాతపని చూసే పోలీసు) అక్కడే ఉంటారు. ముద్దాయి జైల్లో ఉన్న కేసులు ముందు, ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలు తర్వాత, సొత్తు కేసులు ఆ తర్వాత. ఒక పూటకు నాలుగు ఫైళ్లు చాలు. నెలవారీ క్రైమ్ మీటింగులో పెండింగ్ అంకెలు చదివించుకుని పర్యవేక్షణ అయిపోయిందనుకోవడం తప్పు. అంకె తగ్గిందంటే ఛార్జిషీటు పడిందని తెలుస్తుంది. అది కోర్టులో నిలబడుతుందో లేదో ఆ అంకె చెప్పదు.

తేదీలు

ముద్దాయి జైల్లో ఉంటే ఛార్జిషీటు వేయడానికి ఉన్న 60 లేదా 90 రోజుల గడువును రిమాండ్ ఇచ్చిన రోజును కూడా కలిపి లెక్కపెట్టాలని 2023లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచి చెప్పింది. మరుసటి రోజు నుంచి లెక్కేసే పాత అలవాటుతో ఒక్క రోజు తేడాలో ముద్దాయికి డిఫాల్ట్ బెయిల్ (గడువు దాటితే హక్కుగా వచ్చే బెయిల్) వచ్చేలా చేసుకుంటున్నారు. 60 రోజులా 90 రోజులా అని అనుమానం వస్తే 60 వేసుకోండి. ఉదాహరణకు రాత్రిపూట ఇంట్లో చొరబడి చేసే దొంగతనానికి బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 331(4) కింద 14 ఏళ్ల దాకా శిక్ష ఉన్నా, కనీస శిక్ష పదేళ్లు కాదు కాబట్టి 60 రోజులే అనుకోవాలి. 90 ఉందన్న ధీమాతో 61వ రోజు దాకా ఆగితే ముద్దాయి బయటికొస్తాడు. క్యాలెండర్ మీద 45వ రోజున ఒక గుర్తు పెట్టండి, ఛార్జిషీటు డ్రాఫ్టు ఆ రోజుకి మీ చేతిలో ఉండాలి. ఫిర్యాదుదారుకు 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో చెప్పారా అన్నదీ అప్పుడే చూసుకోండి.

టైముల పట్టీ

అసలు పని ఇక్కడుంది, ఎక్కువమంది తప్పించుకునేదీ ఇక్కడే. సీడీని కథలా మొదటి పేజీ నుంచి చదివితే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని రాసింది ఒకే చెయ్యి. అందుకే నోట్‌బుక్‌లో నిలువుగా ఒక పట్టీ గీయండి. ఎఫ్ఐఆర్ నమోదు టైము, అది మేజిస్ట్రేటుకు అందినట్టు రాసిన టైము, సీన్ పంచనామా, అరెస్టు, కన్ఫెషన్ (నేరం ఒప్పుకోలు) పంచనామా, రికవరీ (సొత్తు స్వాధీనం), వీడియో, కోర్టులో హాజరు, అన్నీ వరసగా. ప్రతి టైమును సీడీలోంచి కాకుండా దాని అసలు కాగితంలోంచి తీసుకోండి. పక్కన ఆ రోజు జనరల్ డైరీ ఎంట్రీలు వేయండి.

ఒక దొంగతనం కేసు అనుకోండి. కన్ఫెషన్ పంచనామా ఉదయం 10:30 నుంచి 11:30 వరకు. నగలు దాచిన ఊరు 22 కిలోమీటర్ల దూరం, రికవరీ పంచనామా మొదలైంది 11:45కి. జనరల్ డైరీలో ఎస్ఐ స్టేషన్ నుంచి బయల్దేరింది 12:10కి. వీడియో ఫైలు మీద టైము 1:40. ఎస్ఐ నిజంగానే నగలు పట్టుకుని ఉండవచ్చు. కానీ రాత్రి రైటర్ పాత ఫైలు ముందు పెట్టుకుని టైములు అంచనాగా వేశాడు. డిఫెన్స్ లాయరుకు ఈ నాలుగు అంకెలు చాలు.

రికవరీ దగ్గర ఇంకో మెలిక ఉంది. బీఎస్‌ఏ (కొత్త సాక్ష్య చట్టం) 23 కింద (పాత చట్టంలో 27) చెల్లేది ముద్దాయి చెప్పిన మొత్తం కథ కాదు, వస్తువు దొరకడానికి దారితీసిన ముక్క మాత్రమే. 2022లో సుప్రీంకోర్టు క్రమాన్ని కూడా స్పష్టం చేసింది. ముందు మధ్యవర్తులు (పంచనామాకు సాక్షులుగా ఉండేవాళ్లు) రావాలి. వాళ్ల ఎదుట ముద్దాయి చెప్పిన మాటలను చెప్పినట్టే రాయాలి, అది పంచనామా మొదటి భాగం. తర్వాత అందరూ కలిసి వెళ్లాలి. అతను చూపించిన చోటు, తీసిన వస్తువు రెండో భాగం. దాచిన చోటు కన్ఫెషన్‌కి ముందే సీడీలో ఎక్కడైనా వచ్చిందేమో వెతకండి. వచ్చి ఉంటే ఆ రికవరీకి బలం లేదు. మధ్యవర్తుల పేర్లు ఆ స్టేషన్ మిగతా ఫైళ్లలో కూడా చూడండి. ఆరు కేసుల్లో అదే మనిషి సంతకం ఉంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

తేడా దొరికాక జరిగే తప్పు దానికన్నా పెద్దది. "ఆ పేజీ మార్చి రాయి" అనడం. దయచేసి ఆ మాట అనవద్దు. సీడీ పేజీ నంబర్లతో ఒక సంపుటిగా ఉండాలని బీఎన్‌ఎస్‌ఎస్ 192 కోరుతోంది, కోర్టు ఎప్పుడైనా తెప్పించుకుని చూడవచ్చు. మార్చిన పేజీ ఒక్కటి బయటపడితే నిజంగా జరిగిన దర్యాప్తు కూడా కట్టుకథలా కనిపిస్తుంది. న్యాయం కోసం ఎదురుచూస్తున్న మనిషికి అంతకు మించిన ద్రోహం ఉండదు. ఈరోజు తేదీతో కొత్త ఎంట్రీ రాయించండి: ఏ టైము తప్పు, ఎలా పడింది, దేన్ని బట్టి తెలిసింది. వాహనం లాగ్‌బుక్, దారిలోని సీసీటీవీ, మధ్యవర్తుల అదనపు వాంగ్మూలం జత చేయండి. చాలా డీవీఆర్‌లు (సీసీటీవీ రికార్డర్లు) కొద్ది వారాల్లోనే పాత ఫుటేజీని చెరిపేసుకుంటాయి కాబట్టి ఆ పని అదే రోజు జరగాలి. వీడియోలకు జతచేసే బీఎస్‌ఏ 63 సర్టిఫికెట్‌లో రెండు భాగాలు, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) ఉన్నాయో లేదో మీరే కళ్లతో చూడండి.

వాంగ్మూలాలు

బీఎన్‌ఎస్‌ఎస్ 180 కింద సాక్షుల నుంచి తీసుకున్న స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చదవండి. పొలం పనికెళ్లే అవ్వ, బ్యాంకు ఉద్యోగి, పదో తరగతి పిల్లవాడు ముగ్గురూ "సదరు వ్యక్తి సదరు స్థలమునకు చేరుకొని" అన్నారంటే అది రైటర్ స్టేట్‌మెంట్. వాళ్లు అన్న మాటలతో మళ్లీ విచారించి అదనపు వాంగ్మూలం తీసుకోమనండి, పాతదాన్ని తీసేయకుండా. వాటి మీద సాక్షి సంతకం కనిపిస్తే, సంతకం ఉండకూడదనే 181వ సెక్షన్ ఉల్లంఘన జరిగినట్టే.

మెమో

ఫైలు చూశాక ఐఓకి రాసి ఇచ్చే సూచనల మెమో ఒక పేజీకి మించకూడదు. ప్రతి పాయింటూ చేయగల పనిగా ఉండాలి: ఎవరిని విచారించాలి, ఎఫ్ఎస్ఎల్‌కు (ఫోరెన్సిక్ ల్యాబ్‌కు) ఏది పంపాలి, ఏ తేదీలోపు. "దర్యాప్తు వేగవంతం చేయాలి" లాంటి వాక్యం రాయడం దండగ. ఫలానా వాడినే ముద్దాయిగా చేర్చమని కూడా రాయకండి, ఆ నిర్ణయం సాక్ష్యాన్ని బట్టి ఐఓ తీసుకోవాలి. తర్వాతి సారి వెళ్లినప్పుడు పాత మెమోతోనే మొదలుపెట్టండి. ఈలోగా ఎస్ఐ బదిలీ అయితే రిలీవ్ చేసే ముందు పెండింగ్ మెమో పాయింట్లు, ఎఫ్ఎస్ఎల్ నంబర్లు, మాల్‌ఖానా సొత్తు కొత్త ఎస్ఐకి మీ ఎదుటే అప్పగింపజేసి ఇద్దరి సంతకాలూ తీసుకోండి.