రెండు సిస్టమ్‌లు, ఒకే పని – 4వ పాఠం: వరుస చివర కనబడని అక్షరం

కాజీపేట నుంచి నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే ఒక అమ్మాయి ఇంట్లో విండోస్‌లో పైథాన్ భాషలో ప్రోగ్రాం రాసింది. అక్కడ చక్కగా నడిచింది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఉబుంటులోకి (ఇది లినక్స్‌లో ఒక రకం) కాపీ చేసి, నడిపే అనుమతి ఇచ్చి, నేరుగా ఫైలు పేరుతో నడిపిస్తే ‘పైథాన్3 లేదు’ అన్న అర్థంతో జవాబు వచ్చింది. పైథాన్ ఉంది, గత పాఠంలో మనమే సరిచూసుకున్నాం. తన రాతే తప్పనుకుని ఆమె రెండు రోజులు ప్రోగ్రామంతా తిరగరాసింది. మీకు ఆ శ్రమ రాకూడదు.

హనుమకొండలో టైపు మిషన్ మీద నేర్చుకున్నవారికి కారణం తేలిగ్గా తెలుస్తుంది. వరుస చివర గంట మోగగానే మీట నెడితే రెండు పనులు జరిగేవి: కాగితం ఒక వరుస పైకి జరిగేది, క్యారేజీ మొదటికి వచ్చేది. కంప్యూటర్‌లో ఈ రెంటికీ వేర్వేరు సంకేతాలున్నాయి. మొదటికి రావడం 13, అంటే సీఆర్ (క్యారేజ్ రిటర్న్). వరుస మారడం 10, అంటే ఎల్‌ఎఫ్ (లైన్ ఫీడ్). విండోస్ రెండూ రాస్తుంది, లినక్స్‌కు 10 ఒక్కటే చాలు. దేనితో నడపాలో చెప్పే ప్రోగ్రాం మొదటి వరుసలో పైథాన్3 పక్కన మిగిలిన 13ను ఉబుంటు పేరులో భాగమే అనుకుంది. అలాంటి పేరుగల ప్రోగ్రాం ఎక్కడా ఉండదు కదా!

కళ్లతో చూడండి. ప్రోగ్రాంలు రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో వరంగల్ పేరును ఇంగ్లిషు అక్షరాల్లో మూడు వరుసలు రాయండి, ప్రతి వరుస చివరా ఎంటర్ కొట్టండి. ఉబుంటులో ఫైలు 27 బైట్లు, విండోస్‌లో 30. ఎక్కువైన మూడూ ఆ 13లే.

పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫైలుకు మందు చిన్నదే: వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు కనిపించే సీఆర్‌ఎల్‌ఎఫ్‌ను నొక్కి ఎల్‌ఎఫ్‌గా మార్చి సేవ్ చేయండి.

ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే గిట్ వాడేవారు ప్రాజెక్టు మొదటి రోజే చుక్కతో మొదలయ్యే ‘గిట్‌అట్రిబ్యూట్స్’ ఫైలు పెట్టుకోవాలి. అందులో ఒకే వరుస చాలు: నక్షత్రం గుర్తు, ఖాళీ, టెక్స్ట్, సమానం గుర్తు, ఆటో, ఖాళీ, ఈఓఎల్, సమానం గుర్తు, ఎల్‌ఎఫ్. అన్నీ ఇంగ్లిషు చిన్న అక్షరాలే. ఒక్కొక్కరి కంప్యూటర్‌లో విడిగా సెట్టింగ్ మార్చడం కన్నా నేను దీన్నే నమ్ముతాను, ఎందుకంటే ఈ ఫైలు ప్రాజెక్టుతో పాటే అందరికీ చేరుతుంది.

చివరికి ఆ అమ్మాయి తిరగరాయక ముందున్న పాత ప్రోగ్రాంనే తీసుకుంది, కనబడే ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఎల్‌ఎఫ్ చేసి సేవ్ చేయగానే నడిచింది.