సంతకం పెట్టే ముందు, మరొకరి తరఫున పెట్టవలసి వచ్చినప్పుడు

ఆపరేషన్‌కు ముందు ఇచ్చే అంగీకార పత్రాన్ని చాలామంది అడ్మిషన్ కాగితాల్లో ఒకటిగా భావించి చదవకుండానే సంతకం చేస్తారు. వైద్యుడు వివరించి, రోగి అర్థం చేసుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా ఒప్పుకుంటేనే అది సమ్మతి అవుతుంది. ఏమీ వివరించకుండా ఒక ఉద్యోగి హడావుడిగా కాగితం చేతికిచ్చినట్లయితే, వైద్యుడితో మాట్లాడాకే సంతకం చేస్తానని చెప్పడానికి మొహమాటపడనవసరం లేదు.

చికిత్స ఏమిటి, ఎందుకు, ఎవరు చేస్తారు, ఎంత మేలు ఆశించవచ్చు, తరచుగా వచ్చే ఇబ్బందులేమిటి, అరుదైనా తీవ్రమైన ప్రమాదాలేమిటి, వేరే మార్గాలున్నాయా, అసలేమీ చేయకపోతే ఏమవుతుంది అని అడగండి. చివరి ప్రశ్ననే ఎక్కువమంది వదిలేస్తారు. మత్తుమందుకు, రక్తం ఎక్కించడానికి విడిగా సమ్మతి తీసుకుంటున్నారేమో కూడా తెలుసుకోండి. మీ వృత్తి, మీకు ముఖ్యమైన విషయాలు ముందుగా చెప్పండి: థైరాయిడ్ శస్త్రచికిత్సలో గొంతు నరం దెబ్బతిని స్వరం మారే ప్రమాదం కొద్దిగానే ఉన్నా, పాటతో జీవించేవారికి అది చిన్న విషయం కాదు. ఏ ప్రమాదాలు చెప్పాలన్నది వైద్యుల అలవాటును బట్టి కాక, ఆ రోగి పరిస్థితిలో ఉన్నవారికి ఏది ముఖ్యమో దాన్ని బట్టి నిర్ణయించాలని బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. విన్నదాన్ని మీ మాటల్లో వైద్యుడికి తిరిగి చెబితే, ఎక్కడ పొరబడ్డారో అక్కడికక్కడే తేలుతుంది.

సమ్మతికి హద్దు కూడా ఉంటుంది. లాపరోస్కోపీ (చిన్న కోత ద్వారా కడుపులోకి కెమెరా పంపి చూసే) పరీక్ష కోసం ఒక మహిళ ఇచ్చిన సమ్మతి గర్భాశయం తొలగింపుకు వర్తించదని, ఆమె మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని భారత సుప్రీంకోర్టు 2008లో తీర్పు ఇచ్చింది. అక్కడ ప్రాణాపాయం లేదు. ఆమె మేల్కొనేదాకా ఆగవచ్చు. కాబట్టి లోపల ఇంకేదైనా కనబడితే ఏం చేస్తారో ముందే అడిగి, మీరు ఒప్పుకున్నంత మేరకే రాయించండి.

రోగి నిర్ణయించుకోలేరని ఎప్పుడు అనాలి? సమాచారాన్ని అర్థం చేసుకోవడం, అది తనకు వర్తిస్తుందని గ్రహించడం, మంచిచెడులు బేరీజు వేయడం, తన ఎంపికను తెలియజేయడం అనే నాలుగు సామర్థ్యాలను వైద్యులు పరిశీలిస్తారు. వయసు పైబడడం, మానసిక వ్యాధి నిర్ధారణ కావడం, వైద్యుడి సలహాను కాదనడం ఇవేవీ వాటంతటవే అసమర్థతకు రుజువులు కావు. పెద్ద ఆపరేషన్ గురించి తేల్చుకోలేని వ్యక్తి తన తరఫున ఎవరు మాట్లాడాలో స్పష్టంగా చెప్పగలగవచ్చు. జబ్బు తీవ్రత వల్ల కలిగే మతిభ్రమ గంటగంటకూ మారుతుంది కనుక, కళ్లద్దాలు, వినికిడి యంత్రం పెట్టి, తేటగా ఉన్న వేళ మళ్లీ అడగాలి.

అప్పటికీ వీలుకాకపోతే, ప్రాణాపాయంలో వైద్యులు ఎవరి సంతకం కోసమూ ఆగకుండా చికిత్స మొదలుపెట్టవచ్చు; మిగతా సందర్భాల్లో రోగి తరఫున మాట్లాడే ప్రతినిధి నిర్ణయించాలి. రోగి ముందే ఎవరినైనా లిఖితపూర్వకంగా నియమించి ఉంటే వారికే ప్రాధాన్యం. లేనిచోట బంధువుల వరుసక్రమం దేశాన్ని బట్టి మారుతుంది.

ఇక్కడే అసలు కష్టం. "మీరేం చేయమంటారు?" అని వైద్యుడు అడిగినప్పుడు, "ఈయన మాట్లాడగలిగితే ఏమనేవారు?" అని ప్రశ్నను మీలో మీరు మార్చుకోండి. గతంలో ఇతరుల జబ్బుల గురించి ఆయన అన్న మాటలు, దేన్ని భరించలేనన్నారో, దేనికోసం ఎంత కష్టమైనా పడతానన్నారో గుర్తుచేసుకుని, రాసుకుని, వైద్యులకు చెప్పండి. 16 అధ్యయనాలను కలిపి 2006లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, ప్రతినిధులు రోగి ఇష్టాన్ని సరిగ్గా ఊహించినవి సుమారు 68 శాతం సందర్భాలే. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో ఈ మాటలు అనుకోవాలి, అవి అశుభమని ఎవరు వారించినా సరే. ఆయన ఇష్టం తెలుసుకునే దారే లేనప్పుడు మాత్రం బాధ, కోలుకునే అవకాశం, తర్వాతి జీవితం తూచి ఆయనకు ఏది మేలో చూడాలి.

వెంటిలేటర్ వంటి విషయంలో తేల్చుకోలేకపోతే, కొన్ని రోజులు చికిత్స చేసి, ఏ మార్పు కోసం చూస్తారో ముందే అనుకుని, ఆ గడువున మళ్లీ కూర్చోవచ్చా అని వైద్యులను అడగండి. కుటుంబంలో మాట కలవకపోతే అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి వైద్యుడితో మాట్లాడించండి, లేదా ఆసుపత్రి నైతిక కమిటీ సాయం కోరండి; గట్టిగా మాట్లాడేవారి మాటే రోగి మాట అయిపోకూడదు. రోగి తేరుకుని మళ్లీ నిర్ణయించుకోగలిగిన క్షణం నుంచి ప్రతినిధి అధికారం ముగుస్తుంది: అప్పటిదాకా ఏం ఒప్పుకున్నారో, ఎందుకో ఆయనకు వివరించి, తర్వాతి పత్రాన్ని ఆయన చేతికే ఇప్పించండి.