మడ మొక్కలు నాటే ముందు నీటిని చూడండి

జులై 26, అంటే అంతర్జాతీయ మడ అడవుల దినోత్సవం దగ్గర పడుతుంటే చాలా తీరాల్లో మొక్కలు నాటే సందడి మొదలవుతుంది. పిల్లలు, ఉద్యోగులు, వలంటీర్లు మోకాలిలోతు బురదలో దిగి ఒక్కపూటలో వేల మొక్కలు నాటేస్తారు. వాళ్ల ఉత్సాహం నిజమైనదే. ఏడాది తర్వాత అక్కడికి వెళ్తే మాత్రం చాలాచోట్ల ఖాళీ బురదే కనిపిస్తుంది. నాటిన చోటు తప్పడమే దీనికి ఎక్కువగా కారణం. అందుకే ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం మొక్క చేతిలోకి తీసుకునే ముందు పాటించాల్సినవి.

ఫిలిప్పీన్స్ అనుభవం అందరూ తెలుసుకోవాలి. అక్కడ దశాబ్దాల తరబడి భారీ ఖర్చుతో మడ మొక్కలు నాటారు. దీర్ఘకాలంలో బతికినవి సాధారణంగా 10 నుంచి 20 శాతమేనని 2008లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. మడ బాగా పెరిగే ఎత్తైన నేలలు అప్పటికే చేపల, రొయ్యల చెరువులైపోయాయి. ఎవరూ అడ్డు చెప్పని చోటు కదా అని, సముద్రం వైపు ఎక్కువసేపు నీళ్లు నిలిచే బురదనేలల్లో నాటారు. అక్కడ మడ సహజంగా ఎప్పుడూ పెరగలేదు.

మడ చెట్టుకి ఉప్పునీరు అలవాటే కానీ ఇరవైనాలుగు గంటలూ మునిగి ఉండటం అలవాటు లేదు. ఆ బురదలో గాలి ఉండదు. అందుకే తెల్లమడ, నల్లమడ వేర్లు పెన్సిళ్లలా నేలలోంచి పైకి పొడుచుకొస్తాయి. వాటి మీది సన్నటి రంధ్రాల గుండా, నీరు తీసిన వేళ గాలి లోపలికి వెళ్తుంది. రెండు మూడు మీటర్ల చెట్టుకే ఇలాంటి వేర్లు పదివేలకు పైగా ఉండొచ్చు. సగటు సముద్రమట్టం నుంచి పెద్ద పోటు అందుకునే ఎత్తు వరకే మడకు అనువైన నేల. అంతకు కిందైతే మొలక ఊపిరాడక చస్తుంది.

ఎత్తు ఎలా తెలుసుకోవాలి? దగ్గర్లో సహజంగా పెరిగిన మడ ఉంటే దాన్నే కొలబద్దగా పెట్టుకోండి. దాని కింద చిన్న మొలకలు ఏపుగా ఉన్నచోట ఒక కర్ర పాతండి, మీరు నాటాలనుకున్న చోట ఇంకోటి పాతండి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో రెండుచోట్లా నేల ఎత్తు పోల్చి చూడండి. అమావాస్యకో పౌర్ణమికో పోటు ఎక్కడిదాకా వచ్చిందో కర్రల మీద గుర్తు పెట్టండి. అష్టమి ప్రాంతంలో చిన్న పోటు వేళ మళ్లీ చూడండి. మీరు ఎంచుకున్న నేల సహజమైన మడ కంటే బాగా కిందుంటే, దయచేసి అక్కడ నాటకండి. అది పక్షులు మేత వెతుక్కునే బురదో, సముద్రపు గడ్డి పెరిగే నేలో అయి ఉండొచ్చు. దాన్ని చెడగొడితే ఉన్నది కూడా పోతుంది.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. పక్కనే తల్లిచెట్లు ఉన్నాయి, వాటి మొలకలు నీళ్లలో తేలుతూ వస్తూనే ఉంటాయి, అయినా ఇక్కడ మడ ఎందుకు రాలేదు? గట్టు అడ్డుపడి పోటు రావడం లేదేమో, రోడ్డు వేసి కాలువ పూడ్చేశారేమో, పశువులు మేసేస్తున్నాయేమో. ఆ అడ్డు తీసేస్తే చాలాసార్లు నాటే అవసరమే ఉండదు. ఫ్లోరిడాలో రాబిన్ లూయిస్ అనే శాస్త్రవేత్త నేల ఎత్తునీ నీటి రాకపోకల్నీ సరిచేసి, చెట్లను వాటంతట అవే రానిచ్చే పద్ధతిని చేసి చూపించారు. నా దృష్టిలో నాటడానికి పెట్టే డబ్బులో సగమైనా కాలువలు తెరవడానికే పెట్టాలి. పాత చెరువుల గట్లు తెంచేటప్పుడు మాత్రం లోతైన నల్ల బురదను తవ్వి పైన ఆరబెట్టకండి. గాలి తగిలితే అందులోని గంధకం ఆమ్లంగా మారి చుట్టుపక్కల నీటిని పాడు చేస్తుంది.

నాటక తప్పని చోట, సులువని ఉప్పుపొన్న అనే మడ రకం ఒక్కటే వరుసలు కట్టకండి. అదే ఎత్తులో దగ్గర్లో ఏ రకాలు పెరుగుతున్నాయో అవే ఎంచుకోండి. ఉప్పుపొన్న మొలక చెట్టు మీదే కాయలోంచి పొడుగ్గా దిగుతుంది. చేత్తో తాకగానే ఊడొచ్చేదే పక్వానికి వచ్చినట్టు. బలంగా పీకితేగానీ రానిది పచ్చిది. పురుగు తొలిచిన రంధ్రాలున్నవి పక్కన పడేయండి. మంచివాటిని తడి గోనె కింద నీడలో ఉంచి, మొన కిందికి వచ్చేలా మూడోవంతు లోతుకి గుచ్చండి.

మనుషుల భద్రతకొస్తే, పోటు పాటు వేళలు తెలుసుకోకుండా ఎవరూ దిగకూడదు. పోటు ఒకరోజు నుంచి మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి నిన్నటి టైం ఇవాళ పనికిరాదు. పాటు తీస్తుండగా దిగి, నీరు మళ్లీ తిరిగేలోపే బయటికి వచ్చేయాలి. మడ అడవుల్లో పెరిగే తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, దాని పాలు కంట్లో పడితే చూపు తాత్కాలికంగా పోతుంది, ఒంటి మీద బొబ్బలు లేస్తాయి. ఆ కట్టె కాల్చినా పొగ కళ్లకు ప్రమాదమే. మొసళ్లున్న పాయలైతే స్థానిక పడవవాళ్ల మాట వినండి. పైకి పొడుచుకొచ్చిన వేర్ల మీద కాలు పెట్టొద్దు, మీ కాలికి గాయం, చెట్టుకు ఊపిరి కష్టం. నర్సరీ సంచులన్నీ లెక్కపెట్టి వెనక్కి తెచ్చేయండి. చాలా మడ అడవులు రక్షిత ప్రాంతాలు కాబట్టి ముందే అనుమతి తీసుకోండి.

తుఫాను విషయంలో ఎవరికీ తప్పుడు ధైర్యం ఇవ్వొద్దు. ఎదిగిన మడ 100 మీటర్ల వెడల్పుంటే గాలికి లేచే అలల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుంది. ఉప్పెన నీటిమట్టం మాత్రం కిలోమీటరు అడవికి 5 నుంచి 50 సెంటీమీటర్లే తగ్గుతుంది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో మడ ఎక్కువ వెడల్పున్న గ్రామాల్లో మరణాలు తక్కువని ఆ తర్వాత చేసిన అధ్యయనం చూపింది. అది దశాబ్దాల అడవి చేసిన పని, నిరుడు నాటిన మొలకలకు అంత శక్తి ఉండదు. ఖాళీ చేయమంటే మడ ఉన్న ఊరైనా ఖాళీ చేయాల్సిందే.

నాటాక మొదటి ఏడాది తరచూ వెళ్లి చూడండి. కాండానికి బార్నకిల్స్ (గట్టి పెంకుండే చిన్న సముద్ర జీవులు) గుత్తులుగా అతుక్కున్నా, నాచు చుట్టుకున్నా మొక్క వంగిపోతుంది. మేకలు, గేదెలు రాకుండా ఊరివాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ఒకేచోట మొక్కలు వరసగా చస్తుంటే వెంటనే కొత్తవి పెట్టకండి. కర్రలూ లెవెల్ పైపూ తీసుకెళ్లి ఆ చోటు ఎత్తు మళ్లీ కొలవండి.